మామ నమ్మని కడుపునొప్పి

దుత్తలూరు మండలం,
2 జులై 2023

తమ్ముడు చంద్రమోహన్‌కు,

నువ్వూ కరుణశ్రీ, మీ ఇంట్లో ఉన్న నా బిడ్డ శ్వేతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేతిలో పెట్టుకుని అక్క ఉత్తరం రాసిందేమిటా అని నవ్వుకోకు. మా ఇంట్లో ఫోను మోగితే స్పీకరు పెట్టాల్సిందే. మీ బావ, మా మామ, పక్కింటివాళ్లు మంచం చుట్టూ చేరతారు. శ్వేత "బాగుండానమ్మా" అంటుంది. వీళ్లంతా "బాగుండాదంట" అంటారు. అంతటితో అయిపోతుంది. నీతో చెప్పాల్సినవి ఆ గుంపులో చెప్పలేను. పదో తరగతి దాకా చదివిన చదువు ఇందుకైనా పనికొస్తుంది కదా అని కాగితం తీశాను.

దుత్తలూరులో మండలం ఆటల పోటీలు జరిగిన రోజు నువ్వు రాకపోయుంటే పాప ఇప్పుడు ఇక్కడే ఉండేది. అది అందరికంటే ముందు ఉరికింది, నువ్వు చూశావు, ఆత్మకూరులో మీ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుకుంటూ నీ దగ్గరే పరుగు నేర్చుకుంటుందన్నావు. మీ బావ ఒక్క సంవత్సరానికి ఒప్పుకున్నాడు. దాన్ని వదిలి ఇంటికొచ్చి గొర్రెలకు నీళ్లు పెడుతూ, "పిల్లను పంపించి పొరపాటు చేసినామేమో" అన్నాడు. నేను, "నా తమ్ముడి దగ్గర ఉండాది, ఊరి మీద లేదు" అన్నాను.

అది ఆకలి అని నోరు తెరిచి అడగదు. పెట్టి ఎదురుగా కూర్చుంటే తింటుంది. పచ్చిపులుసు ఇష్టం. ఒక్కోసారి మొండికేస్తుంది, అరిస్తే ఇంకా మొండికేస్తుంది. నీకు తెలియనిదేముంది, మన ఇంటి రక్తమే కదా.

ఉంటాను మరి,
మీ అక్క మాలకొండమ్మ


ఆత్మకూరు,
16 జులై 2023

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా బస్సు డిపోకి వచ్చింది. మా మెకానిక్‌లందరూ నాకేదో నోటీసు వచ్చిందనుకున్నారు.

పాప గురించి దిగులు పెట్టుకోకు. తెల్లారేసరికి నాతోపాటు గ్రౌండ్‌కు వస్తోంది. నేను డ్యూటీకి వెళ్లేలోపు పిల్లలందరి పరుగు అయిపోతుంది. శ్వేతను ఎనిమిది వందల మీటర్లకు తయారుచేస్తున్నాను. పెద్ద ట్రాక్ మీద రెండు చుట్లు. వేగమూ కావాలి, ఓపికా కావాలి. చాలామందికి ఏదో ఒకటే ఉంటుంది. దీనికి రెండూ ఉన్నాయక్కా. ఇన్నేళ్లలో ఇట్లాంటి పిల్ల నా చేతికి రాలేదు. నవంబరులో జిల్లా పోటీలున్నాయి, అక్కడ గెలిస్తే రాష్ట్రానికి వెళుతుంది.

నేను అరిచే మాట నిజమే. నాకు పరుగు నేర్పిన నారాయణయ్య సారు విజిల్ తాడుతో పిక్కల మీద కొట్టేవాడు. నేను కొట్టను, అరుస్తాను, అంతే. రాత్రిపూట అన్నం తగ్గించుకొమ్మని చెప్పాను. ఒళ్లు తేలికైతే కాలు లేస్తుంది. మాకు సారు చెప్పింది అదే.

అన్నం దగ్గర పెద్దగా మాట్లాడటం లేదు. ఇంటి మీద బెంగ అయివుంటుంది, అలవాటు పడుతుంది. బావకు నా నమస్కారం చెప్పు.

నీ తమ్ముడు
చంద్రమోహన్


దుత్తలూరు మండలం,
20 ఆగస్టు 2023

చంద్రమోహన్‌కు,

ఆగస్టు పదిహేను సెలవుకు పాప వచ్చి వెళ్లింది. బస్సు దిగి నడిచొస్తుంటే ఎవరి పిల్లో అనుకున్నాను. చెంపలు లోపలికి పోయాయి, గోళ్లు తెల్లగా పాలిపోయాయి. "ఏందమ్మా, అత్త అన్నం పెట్టడం లేదా?" అంటే "పెడతాదమ్మా" అని తల దించుకుంది. ఆ తల దించుకోవడం నాకు నచ్చలేదు.

కరుణశ్రీని నేనేమీ అనడం లేదు. ఆమె టౌనులో పెరిగిన మనిషి, మా పిల్లల తిండి చూసి భయపడుతుందేమో. మా ఇళ్లల్లో సంగటి ముద్ద మీద ముద్ద తింటారు. వేరే ఇంటి బిడ్డకు వడ్డించేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది, ఎవరికైనా అంతే. అందుకని రాగిపిండి, నువ్వుల ఉండలు, నెయ్యి పంపిస్తున్నాను. అవి పాపకే పెట్టమను.

వానలు లేవు. గొర్రెలను కలువాయి వైపు తోలుకుపోదామా అని మీ బావ ఆలోచన.

మాలకొండమ్మ


ఆత్మకూరు,
5 సెప్టెంబర్ 2023

అక్కకు,

ఆ ఉత్తరం బల్ల మీద ఉంటే కరుణ చదివింది. నువ్వు పంపిన మూట విప్పి డబ్బాల్లో సర్ది, మూతల మీద "శ్వేత" అని రాసిపెట్టింది. ఆ తర్వాత వంటింట్లో చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. ఎందుకో నాకు తెలుసు. నువ్వు అట్లా రాసివుండాల్సింది కాదు.

అసలు సంగతి వేరే ఉంది. నీ కూతురు నాతో ఆటలాడుతోంది. జులైలో పరిగెత్తిన దానికంటే ఇప్పుడు వెనకబడింది. రెండో చుట్టు వచ్చేసరికి కాళ్లు ఈడుస్తుంది. నెలకోసారి కడుపునొప్పి అని మూడు రోజులు మూలుగుతుంది. జులైలో అన్నది, ఆగస్టులో అన్నది, మళ్లీ మొన్న. మాత్ర వేసుకొమ్మంటే వద్దంటుంది. ఆస్పత్రికి పోదామంటే వద్దంటుంది. నొప్పి నిజమైతే ఎందుకు వద్దంటుంది? సాకులు చెప్పే పిల్లలను నేను చాలామందిని చూశాను. మొన్న అందరి ముందూ నిలబెట్టి, "నీకు కడుపునొప్పి లేదు, ఒళ్లు నొప్పి" అని, అదనంగా నాలుగు చుట్లు తిప్పించాను. ఏడవలేదు, నా వైపు చూడనూ లేదు. తిరిగింది.

నువ్వు ఒకసారి గట్టిగా చెప్పు. ఇంత వరం ఉన్న పిల్ల ఇట్లా పాడుచేసుకుంటే చూస్తూ ఊరుకోలేను.

చంద్రమోహన్


దుత్తలూరు మండలం,
8 సెప్టెంబర్ 2023

చంద్రా,

తోడబుట్టినవాడికి ఇట్లాంటి ఉత్తరం రాయాల్సివస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గుపడుతూ కూర్చుంటే పాప అక్కడ చుట్లు తిరుగుతూ ఉంటుంది, అందుకని రాస్తున్నాను.

నెలకోసారి, మూడు రోజులు. నీ చేత్తో నువ్వే రాశావు. రాసి కూడా నీకు తట్టలేదా? అది నెలసరిరా. నీతో చెప్పలేక కడుపునొప్పి అంది. అబద్ధం చెప్పలేదు, నొప్పి కడుపులోనే. దానికి మొదటినుంచీ ఎక్కువ పోతుంది, రెండో రోజు లేచి నిలబడలేదు. ఇక్కడ ఉన్నప్పుడు నా పక్కన పడుకునేది. ఆ రోజున నువ్వు పదిమంది పిల్లల ముందు నిలబెట్టి తిప్పించావు. నొప్పి ఒక ఎత్తు, బట్టల మీద మరక పడుతుందేమో, వెనక వచ్చేవాళ్లు చూస్తారేమో అనే భయం ఒక ఎత్తు. అది నీకెట్లా తెలుస్తుంది?

కరుణతో చెప్పుకోవచ్చు కదా అంటావు. అత్తకు చెబితే మామకు తెలుస్తుందని దాని భయం. మన అమ్మ, నేను మూల గదిలో చాప మీద కూర్చున్న రోజులు నువ్వు చూడలేదా? ఒకే ఇంట్లో పెరిగాం కదరా.

పాపను పంపించెయ్యి. దానికి ఏ వరమూ వద్దు.

అక్క


ఆత్మకూరు,
13 సెప్టెంబర్ 2023

అక్కా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అప్పటికే అంతా అయిపోయింది. బావ చెప్పే ఉంటాడు, కానీ ఆయన చూసింది చివరి సగమే. మొదటి సగం నేను చెప్పాలి.

సోమవారం పొద్దున రెండో చుట్టులో మలుపు దగ్గర పాప పడిపోయింది. కాలు జారిందనుకుని, లెమ్మని అరిచాను. లేవలేదు. దగ్గరికి పోయి చూస్తే పెదవులు తెల్లగా ఉన్నాయి. ఎత్తుకుని ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడే ఉంది, పన్నెండు ఉండాలట. డాక్టరమ్మ నెలసరి సంగతి అడిగింది. పాప నా మొహం చూసి నోరు మూసుకుంది. డాక్టరమ్మకు అర్థమై నన్ను బయటికి పొమ్మంది. తలుపు అవతల నుంచి పాప గొంతు చాలాసేపు వినిపించింది. అంతసేపు మాట్లాడే పిల్ల మా ఇంట్లో ఉన్నట్టు నాకు తెలియదు.

బావ పశువుల మందుల కోసం ఆత్మకూరు వచ్చి, గ్రౌండ్‌లో పిల్లలు చెబితే ఆస్పత్రికి వచ్చాడట. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. నువ్వే అనుమానపడి పంపావనుకుని ఆ రోజంతా నీ మీద కోపంగా ఉన్నాను. బావ పాప చెప్పులు వెతికి తొడిగి, "పోదాం పా" అన్నాడు.

వాళ్లు వెళ్లాక కరుణ నోరు విప్పింది. "ఆ పిల్లను రాత్రిపూట తినొద్దన్నది నువ్వు. మాట పడింది నేను. వదిన రాసిన రోజే చెబుదామనుకున్నా, ఆడబిడ్డ ముందు మొగుణ్ణి తగ్గించడమెందుకని ఊరుకున్నా" అంది.

డాక్టరమ్మ చీటీ ఇందులో పెడుతున్నాను. మాత్రలు భోజనం అయ్యాక వెయ్యి. టీ తాగిన వెంటనే వెయ్యొద్దని చెప్పింది.

చంద్రమోహన్


దుత్తలూరు మండలం,
15 అక్టోబర్ 2023

చంద్రమోహన్‌కు,

పాప కోలుకుంటోంది. మాత్రలు వేస్తున్నాను, కార్జం, మునగాకు తప్పకుండా పెడుతున్నాను. ఉదయగిరి కాలేజీకి మార్పించాం, బస్సులో పోయి వస్తోంది. ఇందులో పెట్టిన చీటీ కరుణకు ఇవ్వు, నువ్వు చదవొద్దు. నేను అన్న మాటకు ఆమెకు నేనే చెప్పుకోవాలి.

నువ్వు ఫోను చేసినప్పుడల్లా పాప గొర్రెల దొడ్లోకి వెళ్లిపోతోంది. మీ బావ వద్దన్నాడని పరుగు మానేసిందని నేను అనుకున్నాను. మొన్న తల దువ్వుతూ, "నాయనతో నేను మాట్లాడతా, మళ్లీ పోతావా?" అని అడిగాను. అప్పుడు చెప్పింది. "నాకు పరుగంటే ఇష్టమేనమ్మా. మామ దగ్గర మాత్రం కాదు. అరిచినందుకు కాదు. అందరిమీదా అరుస్తాడు. నొప్పి అని చెప్తే నమ్మలా. అందరి ముందూ నన్ను అబద్ధాలకోరును చేసినాడు."

నిన్ను బాధపెట్టాలని రాయడం లేదు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

అక్క


గుంటూరు,
26 నవంబర్ 2023

అక్కకు,

ఊరు పేరు చూసి కంగారుపడకు. డిపోలో సెలవు పెట్టి ఇక్కడికి వచ్చాను. పిల్లలకు ఆటలు నేర్పేవాళ్లకు నెల రోజుల తరగతులు పెట్టారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే అడిగి పేరు రాయించుకున్నాను. వయసు మళ్లినవాళ్లం చాలామందిమి బెంచీల మీద ఇరుక్కుని కూర్చుంటున్నాం. పొద్దున గ్రౌండు, మధ్యాహ్నం పాఠాలు. నేను రెండో వరుసలో నిద్రపోకుండా కూర్చుంటున్నానంటే నువ్వు నమ్మవు.

ఒకరోజు ఒక డాక్టరమ్మ పాఠం చెప్పడానికి వచ్చింది. "మీ దగ్గర ఆడపిల్లలు ఉన్నవాళ్లు చేతులెత్తండి" అంది. అందరం ఎత్తాం. "వాళ్లలో ఎవరికి నెలసరి కష్టంగా ఉంటుందో తెలిసినవాళ్లు మాత్రం అట్లాగే ఉంచండి, మిగతావాళ్లు దించండి" అంది. మగవాళ్ల చేతులన్నీ దిగిపోయాయి. నా వెనక ఒక పెద్దాయన, "మగోళ్లం, మేమెట్టా అడిగేది మేడమ్?" అన్నాడు. ఆమె కోప్పడలేదు. "మోకాలు నొప్పా అని అడుగుతారు కదా, అట్లాగే అడగండి. అడగడానికి నోరు రాకపోతే, వాళ్లు చెప్పుకోవడానికి ఒక ఆడమనిషిని గ్రౌండ్‌లో పెట్టండి. రెండూ చేతకాకపోతే ఆడపిల్లలకు నేర్పడం మానెయ్యండి" అంది. తర్వాత రక్తం తగ్గితే కాళ్లు ఎందుకు బరువవుతాయో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. తిండి తగ్గితే ఏమవుతుందో చెప్పింది. ప్రతి గీతలోనూ నాకు మన పాపే కనిపించింది.

నారాయణయ్య సారు నాకు చెప్పింది నేను పిల్లలకు చెప్పాను. ఆయనకు ఎవరు చెప్పారో. మాలో ఎవరమూ ఎవరినీ అడగలేదు.

ఇక్కడ సుస్మిత అని నెల్లూరు నుంచి వచ్చిన ఒక కోచ్ ఉంది. తనూ ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తిన మనిషే, అక్కడ ఆడపిల్లలకు నేర్పుతోంది. ఉండటానికి హాస్టలు కూడా ఉంది. శ్వేత గురించి ఆమెకు చెప్పాను. పాపను ఆమె దగ్గర చేర్పిస్తే మంచిదని నాకు అనిపిస్తోంది. మీరు ఊ అంటే నేను మాట్లాడతాను.

చంద్రమోహన్


దుత్తలూరు మండలం,
5 డిసెంబర్ 2023

చంద్రమోహన్,

నువ్వు చదువుకోడానికి వెళ్లావంటే సంతోషించాను. చివరికొచ్చేసరికి కాగితం పక్కన పడేశాను. కుంటిదైన గొర్రెను సంతకు తోలినట్టు నా బిడ్డను ఇంకొకరికి అప్పజెబుతావా? ఒకసారి పడిపోయిందని నీకు బరువైపోయిందా? పాప కోపం తగ్గాక నీ దగ్గరికే పంపుదామని మీ బావను మెల్లగా మెత్తబరుస్తున్నాను. అంతలోనే నువ్వు చేతులు దులుపుకుంటున్నావు. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర, అంత దూరాన, నేను పంపను.

మాలకొండమ్మ


ఆత్మకూరు,
14 డిసెంబర్ 2023

అక్కా,

చేతులు దులుపుకోవడం కాదు. పాప నా దగ్గరే పరిగెత్తి, నా పిల్ల అని పదిమందిలో చెప్పుకోవాలని నాకు ఎంత ఉందో నీకు రాయలేను. కరుణకు తెలుసు.

నేను మారాననే అనుకుందాం. పాప వచ్చి నా గ్రౌండ్‌లో నిలబడితే, ఆ పిల్లలే ఉంటారు, ఆ మలుపే ఉంటుంది. నొప్పి వచ్చిన రోజున నాకు చెప్పాలా వద్దా అని అది ఆలోచిస్తూనే ఉంటుంది. ఆ ఆలోచనతో ఎవరూ పరిగెత్తలేరు. సుస్మిత దగ్గర ఆ ఆలోచన ఉండదు. ఇంకొకటి, నేను నేర్పగలిగిన చోటు దాటి ఆ పిల్ల పోగలదు. అది నాకు గుంటూరులో తెలిసింది. పట్టుకుని కూర్చుంటే నాకు బాగుంటుంది, దానికి బాగుండదు.

నన్ను అడగొద్దు, బావను అడగొద్దు. పాపను అడుగు. అది వద్దంటే ఇంక ఆ మాట ఎత్తను.

కరుణ ఇప్పుడు పొద్దున్నే నాతో గ్రౌండ్‌కు వస్తోంది. మొదట్లో ఆడపిల్లలు దూరంగా నిలబడేవాళ్లు. ఇప్పుడు నాకంటే ముందు ఆమె దగ్గరికి పోతున్నారు. ఈ రోజు ఎవరు నడవాలో, ఎవరు పరిగెత్తాలో ఆమె చెబుతుంది. ఎందుకని నేను అడగను.

చంద్రమోహన్


దుత్తలూరు మండలం,
7 జనవరి 2024

తమ్ముడికి,

అడిగాను. మరుసటి రోజు నేను పాలు పితుకుతుంటే పాప వచ్చి, "ఆ మేడమ్‌తో ముందు నేనే ఫోన్లో మాట్లాడతా. స్పీకరు లేకుండా" అంది. ఫోను తీసుకుని చేను గట్టు మీదికి పోయింది. మా మామ, "ఏం మాట్లాడతాండాది అంతసేపు?" అని అడుగుతూనే ఉన్నాడు. తిరిగొచ్చి, "ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలైనాక పోతా" అంది.

మీ బావ ఆ రాత్రి అన్నం దగ్గర, "ఆత్మకూరుకు పంపినప్పుడు మనం అడిగినామా దాన్ని?" అన్నాడు. అడగలేదు చంద్రా. నువ్వు అన్నావు, నేను తలూపాను, ఆయన ఒప్పుకున్నాడు.

డిసెంబరులో నేను రాసింది మనసులో పెట్టుకోకు.

అక్క


ఆత్మకూరు,
25 ఆగస్టు 2024

అక్కకు నమస్కారాలు.

ఈ ఏడు ముందే పెట్టిన జిల్లా పోటీలు నిన్న నెల్లూరులో అయిపోయాయి. పాప నీకు ఫోను చేసే ఉంటుంది. ఫోన్లో చెప్పనిది నేను రాస్తున్నాను.

నేనూ కరుణా మా ఆత్మకూరు పిల్లలను తీసుకుపోయాం. పాపను దూరం నుంచే చూశాను. ఒళ్లు చేసింది, భుజాలు నిండాయి. సుస్మితతో నవ్వుతూ ఏదో చెబుతోంది. దగ్గరికి పోలేదు. ఈ పదకొండు నెలల్లో నాతో మాట్లాడని పిల్ల, పరుగుకు ముందు నా మొహం చూసి మనసు చెదరడమెందుకని షామియానా కింద కూర్చున్నాను.

ఎనిమిది వందల మీటర్ల వాళ్లను పిలవడానికి కాసేపు ముందు తనే వచ్చింది. మా పిల్లలందరూ చుట్టూ ఉన్నారు, మగపిల్లలు కూడా. ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో, "మామా, నాకు నిన్న నెలసరి వచ్చింది. నొప్పి పెద్దగా లేదు గానీ కాళ్లు బరువుగా ఉండాయి. ఉరకొచ్చా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు. "మీ మేడమ్ ఏమన్నింది?" అన్నాను.

"నా ఇష్టమన్నింది. నిన్ను కూడా అడిగి వస్తానన్నా."

"పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ. రెండు అరటిపళ్లు."

"అయితే ఉరుకు. మొదటి చుట్టు ముందుకు పోవద్దు, ఇద్దరి వెనకాల ఉండు. రెండో చుట్టులో కళ్లు తిరిగినట్టుంటే పక్కకు వచ్చెయ్. ఎవరూ ఏమనరు."

"నువ్వు?"

"నేనూ అనను."

నా వైపు కాసేపు చూసి తలూపి వెళ్లింది. నేను చెప్పినట్టే మొదటి చుట్టు వెనక ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. అది దాటాక ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ వచ్చి రెండో స్థానంలో చేరింది. రాష్ట్రానికి మొదటి ఇద్దరినీ తీసుకుంటారు.

తర్వాత మా దగ్గరికే వచ్చి కరుణ పక్కన కూర్చుని, ఆమె తెచ్చిన పులిహోర డబ్బా మొత్తం ఖాళీ చేసింది. మా పిల్లలకు ఏమీ మిగలలేదు. కరుణ వాళ్లకు బజ్జీలు కొనిపెట్టాల్సివచ్చింది.

రాష్ట్ర పోటీలు అక్టోబరులో, గుంటూరులో.

చంద్రమోహన్


దుత్తలూరు మండలం,
3 సెప్టెంబర్ 2024

తమ్ముడు చంద్రమోహన్‌కు, కరుణకు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను, నెలసరి అన్న ఆ మాటతో సహా. ఆయన ముందు కొంచెం మొహం తిప్పుకున్నాడు. తర్వాత, "మళ్లీ చదువు, దాన్ని నువ్వేం తిన్నావని అడిగినాడే, ఆడ నుంచి" అన్నాడు.

గుంటూరుకు నేను వస్తున్నాను. ఆ నాలుగు రోజులు మందను, పొయ్యిని తనే చూసుకుంటానని మీ బావ అన్నాడు. ఇంట్లో అందరూ దాని పరుగు గురించి మాట్లాడతారు. మండలం పోటీలప్పుడు నేను కందిచేనులో ఉన్నాను, జిల్లా పోటీలప్పుడు గొర్రెలు ఈనుతున్నాయి. నా కూతురు పరిగెత్తుతుంటే నేను ఇంతవరకు చూడలేదు చంద్రా.

అక్కడ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఎక్కడ మొదలుపెడతారో, ఎక్కడ ఆగుతారో కూడా తెలియదు. ఎక్కడ కూర్చుంటే దాని మొహం బాగా కనిపిస్తుందో అక్కడ నాకు చోటు పట్టి ఉంచు.

అక్క మాలకొండమ్మ